కాటా చీటీల లెక్కకు ఏ భాష? బ్యాష్‌తో మొదలై పైథాన్ దగ్గర ఆగిన నా అనుభవం

ముందు పనేమిటో చెబుతాను. పని తెలియకుండా భాష గురించి మాట్లాడితే వాదనే తప్ప ఏమీ తేలదు.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కవిటి. ఈ నాలుగు చోట్లా జీడి పిక్కలు కొనే కేంద్రాలు. ఒక్కోచోట ఒక ఎలక్ట్రానిక్ కాటా, పక్కన ఒక విండోస్ ల్యాప్‌టాప్. సాయంత్రం కొనుగోళ్లు ముగిశాక ఒక్కో కేంద్రం నుంచి ఒక సీఎస్‌వీ ఫైలు (గడులను కామాలతో విడదీసే సాదా పట్టిక) కాశీబుగ్గ ఆఫీసులోని ఉబుంటు 22.04 డబ్బాకు (లినక్స్ నడిచే కంప్యూటరు) చేరుతుంది. ఫైలులో ఎనిమిది గడులు: తేదీ, చీటీ నంబరు, ఊరు, మండలం, వ్యాఖ్య, బస్తాలు, బరువు, రకం. సీజన్‌లో ఫైలుకు రెండు వందల వరుసల దాకా వస్తాయి, మిగతా రోజుల్లో ఇరవై కూడా ఉండవు. వీటన్నిటినీ కలిపి మండలాల వారీగా, రకాల వారీగా మొత్తాలు తీసి పొద్దున్న ఏడుకల్లా లెక్కలు చూసే మనిషి ముందు ఒకే షీటు పెట్టాలి. నెల తిరిగేసరికి పాత ఫైళ్లు కుదించి విజయనగరంలో ఆడిటరుకు ఒక నకలు పంపాలి. ఆయనది మ్యాక్.

అంటే ఒకే స్క్రిప్టు చుట్టూ మూడు రకాల యంత్రాలు ఉన్నాయి. రాసే మనిషి ఒకడు, నడిపే మనుషులు వేరు. ఈ పనిని బ్యాష్‌లో, పెర్ల్‌లో, పైథాన్‌లో, గోలో నాలుగుసార్లు రాశాను. పవర్‌షెల్‌తో సగం దాకా వెళ్లాను. చివరికి భాషను తేల్చింది ఒకే ప్రశ్న: ఇది రాత్రి ఎనిమిదిన్నరకు ఆగిపోతే తెర మీద ఏం కనబడుతుంది, అది చూసి అక్కడున్న మనిషి ఏం చేయగలడు? వేగం, అందం, సింటాక్స్ అన్నీ దాని తర్వాతే.

బ్యాష్ ఎక్కడిదాకా లాగింది

మొదటి రూపం ముప్పై లైన్ల బ్యాష్. ఫైండ్‌తో ఫైళ్లు ఏరడం, ఆక్‌తో కూడడం, సార్ట్‌తో వరస పెట్టడం, అంతే. ఇలాంటి పనికి షెల్ (ఆదేశాలు తీసుకుని ప్రోగ్రాంలను నడిపించేది, బ్యాష్ అందులో ఒకటి) కంటే దగ్గర దారి లేదు. 1979లో బోర్న్ షెల్ వచ్చినప్పటి నుంచి దాని వృత్తే అది, ఒక ప్రోగ్రాం నోట్లోంచి వచ్చింది ఇంకో ప్రోగ్రాం నోట్లో పెట్టడం. బ్యాష్ 1989లో దాని వారసత్వంగా వచ్చింది. దాదాపు ఏ లినక్స్ డబ్బాలో చూసినా ఉంటుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

రెండు వారాలు బాగా నడిచింది. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ఫైలు పేరులో ఖాళీ జాగా మొదటిది. ‘పలాస కేంద్రం 2’ అన్న పేరుతో ఫైలు వస్తే, డాలరు గుర్తున్న వేరియబుల్‌ను కొటేషన్లలో పెట్టకపోతే బ్యాష్ దాన్ని మూడు ముక్కలు చేస్తుంది. మందు తెలిసిందే: వేరియబుల్ వాడిన ప్రతి చోటా జంట కొటేషన్లు పెట్టాలి, ఎల్ఎస్ ఇచ్చిన జాబితా మీద లూపు తిప్పకూడదు, ఫైండ్‌కు ‘ప్రింట్0’ ఇచ్చి శూన్య అక్షరంతో విడదీయాలి. షెల్‌చెక్ అనే పరికరం ఈ తరహా తప్పులు లైను నంబరుతో సహా చూపిస్తుంది. అది లేకుండా బ్యాష్ రాయడం చీకట్లో కాటా వేయడమే.

రెండోది ఇంకా చిత్రం. ఫైలును పైపు ద్వారా వైల్ లూపులోకి పంపి, లోపల మొత్తం కూడి, లూపు బయటకొచ్చి చూస్తే సున్నా. పైపు కుడి పక్కనున్న లూపు వేరే సబ్‌షెల్‌లో నడుస్తుంది, అందులో పెరిగిన వేరియబుల్ దానితోనే పోతుంది. పైపు తీసేసి లూపు చివర ఫైలును ‘<’ గుర్తుతో ఇస్తే సరిపోతుంది. తప్పు సందేశం ఏదీ రాదు, సున్నా మాత్రం వస్తుంది. పని లేని రోజున సున్నా సహజమే కాబట్టి ఎవరూ అనుమానించరు.

మూడోది దశాంశం. బ్యాష్ లెక్కల్లో పూర్ణాంకాలే ఉంటాయి. 78.450 కిలోలు ఇస్తే తప్పని మొహం మీదే చెబుతుంది, అదొక్కటీ మేలు. గ్రాములుగా మార్చుకుని కూడవచ్చు, లేదా ఆక్‌కు అప్పగించవచ్చు. ఆక్‌కే ఇచ్చాను.

నాలుగోది ఏడు నెలలు నిద్రపోయి ఎనిమిదో నెలలో లేచే రకం. తేదీలోంచి నెలను ‘07’ అని తీసి ఒకటి కలిపితే 8 వస్తుంది. ఆగస్టు రాగానే ‘08’కు ఒకటి కలపమంటే స్క్రిప్టు చచ్చిపోతుంది. ముందు సున్నా ఉన్న అంకెను బ్యాష్ అష్టాంశ పద్ధతిలో చదువుతుంది, ఆ పద్ధతిలో 8, 9 అంకెలు లేవు. జూలై దాకా ఏ ఇబ్బందీ ఉండదు, అక్టోబరులో మళ్లీ దానంతటదే బాగైపోతుంది. అంకె ముందు ‘10#’ అని రాస్తే దశాంశ పద్ధతిలో చదువుతుంది. తేదీలతో లెక్కలు చేసే ప్రతి బ్యాష్ స్క్రిప్టులోనూ ఇది వెతికి చూసుకోండి. రోజుల అంకెలతో అయితే ప్రతి నెలా 8, 9 తేదీల్లో కొడుతుంది.

ఇక ‘సెట్ మైనస్ ఈ’ సంగతి. ఏ ఆదేశం విఫలమైనా స్క్రిప్టు అక్కడే ఆగాలని అందరూ పైన ఇది రాస్తారు. రాయాల్సిందే, దాంతోపాటు ‘మైనస్ యూ’ (నింపని వేరియబుల్ వాడితే ఆగమని), ‘పైప్‌ఫెయిల్’ కూడా. కానీ ఇవి పెట్టాక కొత్త తిప్పలు మొదలవుతాయి. వరుసలు వెతికే గ్రెప్‌కు ఏ వరుసా దొరక్కపోతే అది 1 తిరిగి ఇస్తుంది, షెల్ దాన్ని వైఫల్యంగా చూస్తుంది. కొనుగోలు లేని ఆదివారం నాడు స్క్రిప్టు ఆగిపోవడానికి కారణం ఇదే. లెక్కింపు వేరియబుల్ సున్నాలో ఉండగా జంట కుండలీకరణాల్లో ‘++’ వెనక పెట్టి పెంచితే, ఆ వ్యక్తీకరణ విలువ సున్నా కాబట్టి అదీ వైఫల్యమే, మొదటి ఫైలు దగ్గరే ఆగిపోతుంది. మరోపక్క, ఫంక్షన్ లోపల ‘లోకల్’ అని ప్రకటిస్తూ అదే లైనులో ఆదేశం ఫలితాన్ని నింపితే, ఆ ఆదేశం విఫలమైనా లోకల్ విజయం దాన్ని కప్పేస్తుంది. ప్రకటన ఒక లైను, నింపడం ఇంకో లైను రాయాలి. ఇఫ్ షరతులో పిలిచిన ఫంక్షన్ లోపల ఈ కాపలా అసలు పనిచేయదు. ఆగకూడని చోట ఆగి, ఆగాల్సిన చోట సాగిపోయే కాపలా ఇది.

ఇవన్నీ తెలిస్తే దాటగలిగేవే. బ్యాష్‌ను వదిలించింది మాత్రం కామా.

వ్యాఖ్య గడిలో కేంద్రం వాళ్లు ‘తడి ఉంది, తరుగు తీయాలి’ అని రాశారు. ఎక్సెల్ దాన్ని పద్ధతిగా కొటేషన్లలో పెట్టి భద్రపరిచింది. కామా దగ్గర కోయమని ఆక్‌కు చెబితే కొటేషన్లను అది లెక్కచేయదు. ఆ వరుసలో గడులన్నీ ఒకటి పక్కకు జరిగాయి. ఏడో గడిలో 954.600 ఉండాల్సిన చోట బస్తాల సంఖ్య 12 వచ్చి కూర్చుంది. మొత్తంలో 942.600 కిలోలు మాయం. తప్పు సందేశం లేదు, నిష్క్రమణ కోడ్ సున్నా (అంటే పని సజావుగా ముగిసిందని), షీటు చక్కగా ఉంది. 2023లో వచ్చిన గాక్ (ఆక్‌లో ఒక రకం) 5.3లో సీఎస్‌వీని సరిగా చదివే ఐచ్ఛికం చేర్చారు కానీ ఉబుంటు 22.04లో మామూలుగా ఉండే ఆక్ అసలు గాక్ కాదు, మాక్ అనే ఇంకో రకం. దానికి ఇది తెలియదు.

దాని తోకలోనే ఇంకొకటి. విండోస్‌లో తయారైన ఫైలులో ప్రతి వరుస చివర లైన్‌ఫీడ్ ముందు క్యారేజ్ రిటర్న్ అనే కనబడని అక్షరం ఉంటుంది. రకం చివరి గడి కాబట్టి అది దానికే అంటుకుంటుంది. షీటులో ‘ఎండు’ రెండుసార్లు, రెండు వేర్వేరు మొత్తాలతో. ఒకటి ల్యాప్‌టాప్‌ల నుంచి వచ్చినది, రెండోది ఆఫీసులో చేత్తో నింపినది. కళ్లకు రెండూ ఒకటే.

ఇక మ్యాక్. ఆపిల్ మ్యాక్‌లలో ఇచ్చే బ్యాష్ 3.2 దగ్గరే ఆగి ఉంది, తర్వాతి వాటి లైసెన్సు జీపీఎల్ 3 కావడమే కారణం. 2019లో కాటలీనా నుంచి మామూలు షెల్ జెడ్‌షెల్ అయింది. మండలం పేరును తాళంగా పెట్టి మొత్తాలు దాచుకునే అసోసియేటివ్ అర్రే బ్యాష్ 4లో, 2009లో వచ్చింది. కాబట్టి ఆడిటరు యంత్రం మీద ఆ లైను దగ్గరే కుప్పకూలింది. సెడ్‌తో ఫైలును అక్కడికక్కడే మార్చే ఐచ్ఛికం, నిన్నటి తేదీ అడిగే పద్ధతి కూడా లినక్స్‌లో ఒకలా, మ్యాక్‌లో ఒకలా. ఒక్కో తేడాకు ఒక్కో ఇఫ్ పెడుతూ పోతే ముప్పై లైన్లు నూట నలభై అయ్యాయి.

క్రాన్‌లో పెట్టేటప్పుడు

ఇది ఏ భాషకైనా వర్తిస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చేత్తో నడిపితే నడిచి, క్రాన్‌లో (చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే లినక్స్ సేవ) నడవకపోవడానికి మూడు కారణాలు పదే పదే తగులుతాయి. క్రాన్‌కు మీ పాత్ (ప్రోగ్రాంల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు, యూజర్ బిన్, బిన్ తప్ప ఎక్కడా వెతకదు. క్రాన్‌టాబ్ లైనులో శాతం గుర్తుకు ‘కొత్త లైను’ అని అర్థం, తేదీ ఫార్మాట్‌ను అక్కడే రాస్తే ఆదేశం సగంలో తెగిపోతుంది. శాతం ముందు వెనుగీత పెట్టాలి, లేదా తేదీని స్క్రిప్టు లోపలే తీయాలి. మూడోది, క్రాన్ ఆ లైనును ఎస్‌హెచ్‌తో నడుపుతుంది. ఉబుంటులో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే బ్యాష్ కాదు, డ్యాష్. జంట చదరపు బ్రాకెట్ల పరీక్ష దానికి అర్థం కాదు.

ఇంకో చిక్కు క్రాన్‌ది కాదు, మన కరెంటుది. డబ్బా ఆగి ఉన్నప్పుడు గడిచిపోయిన సమయాన్ని క్రాన్ వెనక్కి తిరిగి చూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రోజులు చూసినవాళ్లకు ‘కరెంటు ఉంటుంది’ అని నమ్మి స్క్రిప్టు రాయకూడదని వేరే చెప్పక్కర్లేదు. క్రాన్ పనే చేసే సిస్టమ్‌డీ టైమర్‌లో ‘పర్సిస్టెంట్’ అని ఒక్క లైను పెడితే, తప్పిపోయిన పనిని డబ్బా లేవగానే చేస్తుంది. అందుకే క్రాన్ వదిలేశాను.

తెలుగు పేర్లు పెట్టిన పరీక్ష

భాషల మధ్య తేడా బాగా తేలిపోయిన చోటు ఇదే. ఇంగ్లిషులో రాసిన పోలికల్లో ఈ ఊసే ఉండదు.

యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. ‘శ్రీకాకుళం’ చూడటానికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో పది గుర్తులు (శ, పొల్లు, ర, గుడి దీర్ఘం... ఇలా విడివిడిగా), డిస్కులో ముప్పై బైట్లు. మాక్ పొడవు అడిగితే ముప్పై అంటుంది. గాక్, పైథాన్ పది అంటాయి. నాలుగని ఎవరూ చెప్పరు. కట్ ఆదేశంతో మొదటి పది ‘అక్షరాలు’ అడిగితే ఉబుంటు 22.04లో అది బైట్లే కోస్తుంది, మూడు గుర్తులు వచ్చి నాలుగోదాని మూడో వంతు చెత్తగా మిగులుతుంది. అందుకే టెర్మినల్‌లో తెలుగు గడులను ఖాళీలతో వరస కట్టే ప్రయత్నం ఏ భాషలోనూ చేయకండి. ట్యాబ్ పెట్టి వదిలేసి, అందం సంగతి షీటుకు వదిలేయండి.

అసలు బాధ పేర్ల పోలికది. ‘ఎల్.ఎన్.పేట’ అన్న పేరులో పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. చూపుకు ఒకటే పేరు, కంప్యూటరుకు రెండు మండలాలు. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటి చేయడం) చేసినా ఇది పోదు, ప్రత్యేకంగా తీసేయాలి. ఆపైన మనుషుల వంతు: ‘వజ్రపుకొత్తూరు’, ‘వజ్రపు కొత్తూరు’, ‘వి.కొత్తూరు’. ‘జి.సిగడాం’కు చుక్క తర్వాత ఖాళీ ఉన్నది, లేనిది. వీటికి తెలివైన అల్గారిథం అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం విడిపోయాక శ్రీకాకుళం జిల్లాలో మిగిలింది 30 మండలాలు. ముప్పై సరైన పేర్లు, వాటి ఎదురుగా కనబడ్డ తప్పు రూపాలు రాసుకున్న ఒక చిన్న ఫైలు చాలు. జాబితాలో లేని పేరు వస్తే ఊహించకుండా ఆ వరుసను పక్కన పెట్టాలి. ‘కొత్తూరు’ అని మాత్రమే వస్తే అది వజ్రపుకొత్తూరుకు పొట్టి రూపమా, కొత్తూరు మండలమేనా అన్నది మనిషే చెప్పాలి.

ఈ పని బ్యాష్‌లో చేయబోతే, ప్రతి వరుసకూ ఒకసారి సెడ్, ఒకసారి గ్రెప్ పిలుస్తూ కూర్చోవాలి.

పెర్ల్, పవర్‌షెల్, గో: క్లుప్తంగా

పెర్ల్ 1987 నుంచి ఉంది, ఇలాంటి పాఠ్యం నమిలే పనికే పుట్టింది. ఉబుంటులో తప్పనిసరిగా ఉంటుంది, బ్యాష్‌లాగే చిటికెలో మొదలవుతుంది. ఒకే లైనులో ఫైలంతా దిద్దాలంటే నేటికీ దాన్నే వాడతాను. కానీ తెలుగు ఫైలుకు లోపలికి, బయటికి యూటీఎఫ్-8 అని విడివిడిగా చెప్పాలి, లోపలికి చెప్పి బయటికి మరిచిపోతే ‘వైడ్ క్యారెక్టర్’ అని హెచ్చరిస్తుంది. సీఎస్‌వీ మాడ్యూల్ మూల పంపిణీలో లేదు, విడిగా తెచ్చుకోవాలి. అసలు అడ్డంకి వేరు. ఇక్కడ పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివి వచ్చే పిల్లలకు పైథాన్ అంతో ఇంతో వచ్చు, పెర్ల్ చూసినవాళ్లు నాకు తగల్లేదు. రేపు నేను లేకపోతే ఎవరూ తెరవలేని ఫైలు అవుతుంది.

పవర్‌షెల్ విండోస్ ల్యాప్‌టాప్‌లలో ముందే ఉంటుంది కదా అని మొదలుపెట్టాను. సీఎస్‌వీని వరుసలుగా, గడుల పేర్లతో సహా చదివి ఇచ్చే తీరు నిజంగా బాగుంది, ఆక్ కంటే ఎంతో మేలు. అయితే విండోస్‌తో వచ్చేది 5.1. అందులో సీఎస్‌వీగా ఎగుమతి చేస్తే, ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఆస్కీ (ఇంగ్లిషు అక్షరాలే ఉన్న పద్ధతి). తెలుగు అంతా ప్రశ్నార్థకాలు. ‘>’ గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే యూటీఎఫ్-16. స్క్రిప్టు ఫైలులోనే తెలుగు పేర్లు ఉంటే, ఆ ఫైలును బామ్ అనే గుర్తుతో (ఎన్‌కోడింగ్ ఏదో ఫైలు మొదట్లోనే చెప్పేది) దాచకపోతే వాటిని కూడా తప్పుగా చదువుతుంది. పవర్‌షెల్ 7లో ఇవన్నీ సర్దుకున్నాయి, కానీ అది విడిగా పెట్టుకోవాలి. విడిగా పెట్టుకునేదైతే పైథానే పెట్టుకోవచ్చు.

గోలో రాస్తే ఒకే ఒక్క ఫైలు వస్తుంది, దానికి ఏ తోడూ అక్కర్లేదు. లినక్స్ డబ్బా మీద కూర్చుని, రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మార్చి విండోస్‌కు కావలసిన ఈఎక్స్‌ఈ తీయొచ్చు. పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి పెడితే నడుస్తుంది. ఇది చిన్న సుఖం కాదు. కష్టం రెండు చోట్ల: పైథాన్‌లో తొంభై లైన్ల పనికి గోలో రెండు వందల పైనే అయ్యాయి, ఎక్కువ భాగం ప్రతి పిలుపు తర్వాత తప్పు వచ్చిందా అని చూసేవే. పైగా ఒక మండలం పేరు కలపాలన్నా మళ్లీ కంపైల్ చేసి నాలుగు చోట్లా మార్చాలి, ఆ జాబితాను బయట ఫైలులో పెడితే తప్ప. సంతకం లేని ఈఎక్స్‌ఈని యాంటీవైరస్ అనుమానించి పక్కన పడేయడం మరో సరదా.

రూబీ, నోడ్ జోలికి పోలేదు. మూడు రకాల యంత్రాల్లోనూ ముందే ఉంటాయన్న నమ్మకం లేదు.

పైథాన్‌లో కుదుర్చుకున్న తీరు

ఒకటే కట్టుబాటు పెట్టుకున్నాను: ప్రామాణిక లైబ్రరీ దాటి ఒక్క ప్యాకేజీ కూడా వద్దు. పట్టికల లెక్కకు వాడే పాండాస్‌తో పది లైన్లలో అయిపోతుందని నాకూ తెలుసు. కానీ ఇన్‌స్టాల్ చేయాల్సిన క్షణం నుంచి స్క్రిప్టు ఒక ఫైలు కాకుండా పోతుంది. ఉబుంటు 23.04 నుంచి, డెబియన్ 12 నుంచి పిప్‌తో (ప్యాకేజీలు తెచ్చిపెట్టే పరికరం) నేరుగా సిస్టమ్‌లో పెట్టబోతే ‘ఇది బయట నుంచి నిర్వహించే ఎన్విరాన్‌మెంట్’ అని నిరాకరిస్తుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టాలి, డబ్బాను అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టాలి. రోజుకు ఎనిమిది వందల వరుసల కోసం అంత సంసారం ఎందుకు?

ఫైలు తెరిచే లైనులోనే సగం రోగాలు కుదురుతాయి. న్యూలైన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి, అప్పుడు వరుస చివరి గుర్తుల సంగతి సీఎస్‌వీ మాడ్యూలే చూసుకుంటుంది. పైన చెప్పిన ‘ఎండు’ జంట అలా పోయింది. ఎన్‌కోడింగ్‌కు యూటీఎఫ్-8 కాకుండా ‘యూటీఎఫ్-8-సిగ్’ ఇవ్వాలి. ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని దాస్తే ఫైలు మొదట బామ్ గుర్తు పెడుతుంది, మామూలు యూటీఎఫ్-8గా చదివితే అది మొదటి గడి పేరుకు అంటుకుని ‘తేదీ’ అన్న గడే లేదంటుంది. సిగ్ అంటే ఉంటే తీసేయి, లేకపోతే ఊరుకో అని. కేంద్రం వాళ్లు పొరపాటున ఉత్త ‘సీఎస్‌వీ’ అని దాస్తే మాత్రం తెలుగు అక్కడికక్కడే ప్రశ్నార్థకాలైపోతుంది, ఏ భాషా దాన్ని తిరిగి తేలేదు. కనుక మండలం గడిలో ప్రశ్నార్థకం కనబడితే ఆ ఫైలు మొత్తాన్ని తిరస్కరించి కేంద్రానికి తిరిగి పంపాలి.

బరువులకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) వాడలేదు, డెసిమల్ వాడాను. 0.1కి 0.2 కలిపితే ఫ్లోట్‌లో 0.30000000000000004 వస్తుంది. గుండ్రం చేసి చూపిస్తే కనబడదు కానీ, కేంద్రం మొత్తం, మండలాల మొత్తం సమానమా అని కోడ్‌లో పోల్చినప్పుడు కాదని చెబుతుంది. ఆ పోలికే నాకు ముఖ్యం.

ఎందుకంటే కామా గొడవ తర్వాత స్క్రిప్టులో మూడు తనిఖీలు పెట్టాను. చదివిన వరుసల సంఖ్య, తీసుకున్నవి, పక్కన పెట్టినవి కలిపితే వచ్చే సంఖ్య ఒకటే కావాలి. ప్రతి వరుసలో కచ్చితంగా ఎనిమిది గడులుండాలి. బరువును బస్తాలతో భాగిస్తే బస్తాకు 40కి, 100 కిలోలకు మధ్య రావాలి. పిక్కల బస్తా 80 కిలోల లెక్క, తక్కువ నింపినవీ ఉంటాయి కాబట్టి అంత వెడల్పు ఇచ్చాను. 12 బస్తాలకు 12 కిలోలన్న వరుస ఇక్కడ దాటలేదు. పక్కన పెట్టిన ప్రతి వరుసా ఫైలు పేరు, వరుస నంబరు, కారణం తెలుగులో రాసి వేరే ఫైలులోకి వెళుతుంది. ‘పలాస ఫైలు, 47వ వరుస: మండలం పేరు జాబితాలో లేదు’ అని ఉంటే ఆఫీసులో ఎవరైనా సరిచేయగలరు. పైథాన్ మామూలుగా కక్కే ట్రేస్‌బ్యాక్ (తప్పు జరిగిన కోడ్ లైన్ల చిట్టా) చూసి ఎవరూ ఏమీ చేయలేరు. దాన్ని లాగ్‌లోకి పంపి, తెర మీద ఒకే వాక్యం ఉంచాను.

నిష్క్రమణ కోడ్‌ల దగ్గర చిన్న జాగ్రత్త. ఆదేశంతో ఇచ్చిన ఐచ్ఛికాలు చదివే ఆర్గ్‌పార్స్ తప్పు ఐచ్ఛికానికి 2 ఇస్తుంది, పట్టుకోని తప్పుకు పైథాన్ 1 ఇస్తుంది. మన సొంత అర్థాలు 3 నుంచి మొదలుపెట్టాలి: 3 అంటే ఫైలు రాలేదు, 4 అంటే కొన్ని వరుసలు పక్కన పడ్డాయి, 5 అంటే మొత్తాలు కుదరలేదు.

ఫలితాన్ని నేరుగా అసలు పేరుతో రాయకూడదు. అదే ఫోల్డరులో తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి (రాసినది డిస్కుకు నిజంగా చేరేలా), ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పేరు మార్చాలి. మధ్యలో కరెంటు పోతే పాత షీటు ఉంటుంది, లేదా కొత్తది ఉంటుంది, సగం షీటు ఉండదు. తాత్కాలిక ఫైలును వేరే డిస్కులో పెడితే ఈ హామీ పోతుంది.

బయటి ప్రోగ్రాంలను పిలిచేటప్పుడు సబ్‌ప్రాసెస్ రన్‌కు ఆదేశాన్ని జాబితాగా ఇవ్వాలి, చెక్ నిజమని పెట్టాలి, టైమౌట్ ఇవ్వాలి. జాబితాగా ఇస్తే ఫైలు పేరులో ఖాళీలుంటే ఏమిటన్న చింతే ఉండదు. చెక్ పెట్టకపోతే నకలు పంపే ఆర్‌సింక్ విఫలమైనా స్క్రిప్టు నవ్వుతూ ముందుకు పోతుంది.

పైథాన్ వల్ల వచ్చిన తలనొప్పులూ రాయాలి. మొదట్లో బ్యాష్ లూపులోంచి ప్రతి వరుసకూ పైథాన్‌ను ఒకసారి పిలిచాను, మండలం పేరు దిద్దడానికి. ఒక్కోసారి మొదలవడానికి ఇరవై, ముప్పై మిల్లీసెకన్లు, ఎనిమిది వందల వరుసలకు ఇరవై సెకన్ల దాకా. వరుసలన్నీ ఒకేసారి స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో పోస్తే కన్నుమూసి తెరిచేలోపు అయిపోయింది. ఉబుంటు 22.04లో పైథాన్ 3.10, టామల్ చదివే మాడ్యూల్ 3.11లో వచ్చింది. కాబట్టి సెట్టింగులకు కాన్ఫిగ్‌పార్సర్‌తో సరిపెట్టుకున్నాను. విండోస్‌లో ‘పైథాన్’ అని కొడితే ఒక్కోసారి స్టోర్ పేజీ తెరుచుకుంటుంది, ‘పీవై’ అని కొట్టాలి. అదే విండోస్‌లో తెర మీద చక్కగా కనబడ్డ తెలుగు, అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించగానే ఎన్‌కోడ్ ఎర్రర్ ఇస్తుంది. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇస్తే పోతుంది. అవుట్‌పుట్‌ను హెడ్‌కు పైపు చేసి పది వరుసలు చూస్తే చివర బ్రోకెన్ పైప్ అని అరుస్తుంది. పట్టించుకోనక్కర్లేదు, కానీ కొత్తవాళ్లు భయపడతారు.

ఇప్పుడున్న అమరిక

బ్యాష్ పోలేదు, పన్నెండు లైన్లకు తగ్గింది. పాత్ పెట్టడం, ఎఫ్‌లాక్‌తో రెండు కాపీలు ఒకేసారి నడవకుండా తాళం వేయడం, పైథాన్‌ను పిలవడం, దాని నిష్క్రమణ కోడ్‌ను బట్టి సందేశం ఎంచుకోవడం, చివర ఆర్‌సింక్. లూపు లేదు, లెక్క లేదు, అర్రే లేదు. ఈ మూడింటిలో ఏది అవసరమైనా అది పైథాన్‌లోకి వెళుతుంది. నేను పెట్టుకున్న గీత అదే, లైన్ల సంఖ్య కాదు. ఆడిటరు మ్యాక్ మీద ఈ బ్యాష్ స్క్రిప్టును అసలు నడపరు, ఆయన పైథాన్ ఫైలునే పిలుస్తారు. మ్యాక్‌లోనూ పైథాన్ ముందే ఉండదు, డెవలపర్ పరికరాలతో ఒకసారి పెట్టించుకోవాల్సి వచ్చింది.

గో కూడా పూర్తిగా పోలేదు. కేంద్రాల ల్యాప్‌టాప్‌లలో పైథాన్ పెట్టి కాపాడుకోవడం కుదరదు కాబట్టి, పంపే ముందు ఫైలును ఒకసారి చూసే చిన్న పరికరం ఒకటి గోలో ఉంది. గడులు ఎనిమిదేనా, తెలుగు చెడిపోయిందా, తేదీ ఈరోజుదేనా అన్న మూడే ప్రశ్నలు. గోలోని సీఎస్‌వీ ప్యాకేజీ బామ్‌ను తీసేయదు, మొదటి మూడు బైట్లు మనమే చూసి వదలాలి. యాంటీవైరస్‌లో దానికి మినహాయింపు నాలుగు చోట్లా ఒకసారి పెట్టాల్సి వచ్చింది.

టైమర్ రాత్రి 8:30కి ఒకసారి, పొద్దున్న 6:10కి ఒకసారి. రెండోసారి నడిచినప్పుడు ముందటి రోజు తేదీ షీటునే మళ్లీ మొదటి నుంచి కడుతుంది, పాతదానికి కలపదు. రాత్రి రాని ఫైలు తెల్లారేలోపు వస్తే అందులో చేరుతుంది. ఏమీ మారకపోతే అదే షీటు మళ్లీ వస్తుంది. ఇంకా రాని కేంద్రం ఉంటే షీటు మొదటి వరుసలోనే దాని పేరు, పక్కన ‘ఫైలు రాలేదు’ అని ఉంటుంది. సున్నా అని మాత్రం ఉండదు.